ఈ కాలపు కాతిబ్

మన ఇళ్లలో పిల్లవాడికో పిల్లకో నౌకరీ వచ్చిందంటే రెండు ప్రశ్నలు వస్తాయి. తన్‌ఖా ఎంత? కంపెనీ ఏం చేస్తుంది? రెండోది అడిగేది ఎక్కువగా నానీయో దాదీయో. ఆవిడకు తెలుసుకోవాల్సింది ఒక్కటే: అది సూద్ వ్యవహారమా, షరాబ్ వ్యవహారమా అని. రెండూ కాదంటే అల్హందులిల్లాహ్ అనేసి మిఠాయి తెప్పిస్తుంది. సాఫ్ట్‌వేర్ అని చెబితే ఇక అడిగేదేమీ ఉండదు. ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనిలో హరామ్ ఎక్కడి నుంచి వస్తుంది?

నేను 14 ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. టెస్టర్‌ని. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి చెప్పడం నా పని. మా ఆయన దీన్ని తన్‌ఖా తీసుకుని చాడీలు చెప్పే ఉద్యోగం అంటారు. ఇన్నేళ్లు ఇక్కడ ఉన్నాక నాకు అనిపిస్తున్నదేమిటంటే, నానీ అడిగే ప్రశ్న చాలా మంచిది. మనమే దాన్ని మధ్యలో ఆపేస్తున్నాం.

బ్యాంకు నౌకరీ అంటే మనవాళ్లకు అంత సంకోచం ఎందుకు? సూద్ గురించి వచ్చిన హదీసు మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. అందులో సూద్ తిన్నవాడు, ఇచ్చినవాడు మాత్రమే లేరు. ఆ కాగితం రాసిన కాతిబ్ ఉన్నాడు, పక్కన నిలబడిన గవాహ్‌లు ఉన్నారు. బ్యాంకులో ఏ పని జాయిజ్, ఏది కాదు అన్న విషయంలో ఉలమా వేర్వేరు మాటలు చెప్పారు. అందులోకి వెళ్లేంత ఇల్మ్ నాకు లేదు. నా మనసు ఎప్పుడూ ఆ కాతిబ్ దగ్గరే ఆగుతుంది. అతను డబ్బు తినలేదు. అప్పు ఇవ్వలేదు, తీసుకోలేదు. చేతిరాత బాగుంటుందని పిలిస్తే వచ్చాడు, నాలుగు వరుసలు రాశాడు, కూలి తీసుకుని ఇంటికి వెళ్లి పిల్లలకు రొట్టె పెట్టాడు. అయినా లెక్కలోకి వచ్చాడు.

ఇప్పుడు ఆ నాలుగు వరుసలు రాసేది ఎవరు? మాధాపూర్‌లో, గచ్చిబౌలిలో, బెంగళూరులో, డాలస్‌లో కూర్చున్న మన పిల్లలే.

2020 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. లాక్‌డౌన్‌లో పనులు పోయాయి, అద్దెలు కట్టలేకపోయారు. అప్పుడే ఫోన్లలో అప్పులిచ్చే యాప్‌లు పుట్టగొడుగుల్లా వచ్చాయి. ఆధార్, పాన్, ఒక సెల్ఫీ ఇస్తే నిమిషాల్లో డబ్బు. ఫీజు పేరుతో ముందే కొంత కోసేసుకుంటారు. చాలావాటిలో గడువు వారం రోజులే. గడువు దాటిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలు. అప్పు తీసుకున్నవాడికి మాత్రమే కాదు, వాళ్ల అమ్మకు, మామూకు, ఆఫీసులో పై అధికారికి, ఎప్పుడో గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడికి కూడా. ఆడపిల్లల ఫొటోల మీద దొంగ అని రాసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టారు. ఆ ఏడాది చివర్లో తెలంగాణలో ఈ ఇజ్జత్ భయానికి కొందరు ప్రాణాలు తీసుకున్నారు. డిసెంబరులో పోలీసులు హైదరాబాద్‌లో, గురుగ్రామ్‌లో, బెంగళూరులో కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు జనాన్ని హెచ్చరిస్తూ ప్రకటన ఇచ్చింది.

అప్పట్లో అందరం తిట్టింది ఫోన్‌లో బూతులు మాట్లాడినవాళ్లను. తిట్టాల్సిందే. కానీ నేను టెస్టర్‌ని కాబట్టి నాకు ఇంకోటి కనబడుతుంది. ఆ కాల్ సెంటర్ కుర్రాడికి మామూ నెంబరు ఎక్కడి నుంచి వచ్చింది? ఆండ్రాయిడ్ యాప్ రాసేటప్పుడు మానిఫెస్ట్ అనే ఒక ఫైలు ఉంటుంది. ఫోన్‌లోని పేర్లు, నెంబర్లు చదవడానికి అనుమతి కావాలని అందులో ఒక వరుస రాయాలి. ఒక్క వరుస. తర్వాత ఆ జాబితా మొత్తం తీసి సర్వర్‌కు పంపే చిన్న ఫంక్షన్. సర్వర్‌లో అప్పు నెంబరు పక్కనే ఆ నెంబర్లన్నీ దాచే ఒక టేబుల్. వీటన్నిటినీ ఎవరో ఒకరు రాశారు. ఇంకెవరో టెస్ట్ కూడా చేసి ఉంటారు. మా పని నాకు తెలుసు కదా. 500 నెంబర్లున్న ఫోన్‌లో అప్‌లోడ్ ఎంతసేపట్లో అవుతుంది, మధ్యలో నెట్ పోతే మళ్లీ మొదటి నుంచి వెళ్తుందా, ఆగిన చోటి నుంచి వెళ్తుందా? అన్నీ చూసి చివర ఆకుపచ్చ రంగులో పాస్ అని పెట్టి ఇంటికి వెళ్లి ఉంటారు. అరెస్టయినవాళ్లలో కాల్ సెంటర్ల వాళ్లు, డైరెక్టర్లు కనిపించారు. ఆ పాస్ అని పెట్టినవాళ్ల గురించి ఎవరూ అడగలేదు.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని నెంబర్లు, ఫొటోలు, కాల్ లాగ్ ముట్టుకోకూడదని అందులో ఉంది. 2023లో గూగుల్ కూడా ఇలాంటి యాప్‌లకు నెంబర్లు, ఫొటోలు చదివే అనుమతిని మూసేసింది. మంచిదే. అయితే ఇవన్నీ జనాజాలు లేచిన తర్వాత వచ్చినవి. నియమం లేని ఆ రెండేళ్లలో అడ్డుపడగలిగింది ఎవరైనా ఉంటే, ఆ వరుస రాయమని చెప్పించుకున్న మనిషే.

అప్పుల యాప్ పచ్చి దగా కాబట్టి దాని సంగతి తేల్చడం సులువు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రేషన్ కార్డుల కథ. అందులో ఎవరి నియ్యత్‌నూ తప్పుపట్టలేం. తెలంగాణ ప్రభుత్వం సమగ్ర వేదిక అని ఒక వ్యవస్థ తెచ్చింది. వాహనాలు, ఆస్తులు, ఇంకా రకరకాల శాఖల రికార్డులను తెచ్చి, పేరు, చిరునామా వంటివి సరిపోల్చి, ఈ రికార్డుల్లోని మనిషీ ఆ రికార్డుల్లోని మనిషీ ఒకడేనా అని చెబుతుంది. కారున్నవాడు పేదవాడి బియ్యం తినకూడదు, అంతే దాని ఉద్దేశం. కాదనేవాళ్లెవరు?

ఇప్పుడు మన పేర్లు తలుచుకోండి. మా అమ్మీ వాళ్ల వీధిలో షేక్ మస్తాన్‌లు నలుగురు. ఒకాయన సైకిల్ షాపు, ఒకాయన లారీ ఓనరు, మిగతా ఇద్దరు కూలి పనికి వెళ్తారు. ఇంగ్లిషులో షేక్ అని రాయడమే మూడు రకాలు. మా అబ్బా పేరు ఆధార్‌లో ఒకలా, కరెంటు బిల్లులో ఒకలా, ఇంటి పట్టాలో ఇంకోలా ఉండేది. బీ, బేగం, బీబీ అని మారిపోయే ఆడవాళ్ల పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇలాంటి పేర్లను ఇంచుమించు ఒకటే అని కలిపే ప్రోగ్రాము రాసినప్పుడు అది ఎంత దగ్గరగా ఉంటే ఒకటి అనుకోవాలో ఒక అంకె పెడతారు. ఆ అంకె కాస్త కిందికి పెడితే లారీ మస్తాన్ లారీ వచ్చి కూలి మస్తాన్ ఖాతాలో పడుతుంది.

తెలంగాణలో 2014 తర్వాత సుమారు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. నోటీసు లేదు, ఇంటికి వచ్చి చూసినవాళ్లు లేరు. డీలరు దగ్గరికి వెళ్తే మీ కార్డు లేదమ్మా అన్నమాటే మొదటి కబురు. హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ తనిఖీ చేయమంది. అలా చేసినప్పుడు వేల కుటుంబాలు అర్హులుగా తేలాయి. అంటే అన్నేళ్లూ వాళ్లకు హక్కున్న బియ్యం రాలేదు. హుకూకుల్ ఇబాద్ అంటే ఇదే కదా. అల్లాహ్ తన హక్కు మాఫ్ చేయవచ్చు, బందా హక్కు బందాయే మాఫ్ చేయాలి అని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఒక మనిషి ఒకరి చేను గట్టు జరిపితే వెళ్లి మాఫీ అడగడానికి ఒక గడప ఉంటుంది. ఒక అంకె తప్పు పెట్టినవాడు ఎన్ని గడపలు ఎక్కాలి?

ఆ ప్రోగ్రాము రాసిన పిల్లలు చెడ్డవాళ్లని నేను అనుకోను. వాళ్లు రోజూ మనతో లిఫ్ట్‌లో వచ్చే పిల్లలే. కానీ ఒకే పేరున్న నలుగురి రికార్డులు పెట్టి చూశారా? తప్పు జరిగితే ఆ మనిషి ఎవరికి చెప్పుకోవాలి, ఆ స్క్రీన్ ఎక్కడుంది అని ఒక్కరైనా అడిగారా? అడిగే జిమ్మేదారీ తమదని వాళ్లకు ఎవరైనా చెప్పారా? ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్లు చదివాను. నాకు ఎవరూ చెప్పలేదు.

ఇక మన జేబులోనే ఉండే సంగతి. నమాజ్ వేళలు చెప్పి, ఖిబ్లా చూపే ముస్లిం ప్రో అనే యాప్‌ను ప్రపంచమంతా 9 కోట్ల సార్లకు పైగా డౌన్‌లోడ్ చేసుకున్నారు. 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే పత్రిక ఒక కథనం వేసింది. ఆ యాప్ వాడేవాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతున్నారన్న సమాచారం ఎక్స్-మోడ్ అనే కంపెనీకి వెళ్తోందని, ఆ కంపెనీ దగ్గర కొనేవాళ్లలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని. గొడవ అయ్యాక యాప్ వాళ్లు ఎక్స్-మోడ్‌తో తెగతెంపులు చేసుకున్నామన్నారు. 2024 జనవరిలో అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ, ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్ల లొకేషన్ అమ్మకూడదని ఆ కంపెనీని కట్టడి చేసింది.

ఇలాంటివి యాప్‌లోకి ఎలా వస్తాయో తెలుసా? ఎవరూ చెడు చేయమని చెప్పరు. ఎస్‌డికె అంటారు, బయటివాళ్లు తయారుచేసి ఇచ్చిన కోడ్ మూట. దీన్ని కలపండి, యూజర్‌కు ఇంత అని డబ్బులొస్తాయి అంటారు. కలపడం అరగంట పని. మూట లోపల ఏముందో విప్పి చూసే అలవాటు మన దగ్గర తక్కువ. తజస్సుస్ వద్దని సూరా హుజురాత్‌లో చదివిన చేతులే, ఫజర్ నమాజుకు లేచినవాడి ఇల్లు, మస్జిద్, దారి అన్నీ మూటగట్టి అమ్మే పనిని అరగంటలో ముగించగలవు.

మేనేజర్ చెప్పాడు, చేశాం అని మనవాళ్లు అంటారు. దీనికి దీన్ జవాబు పక్కన పెట్టినా దునియా జవాబు ఒకటి ఉంది. ఫోక్స్‌వాగన్ డీజిల్ కార్లు పరీక్ష జరిగేటప్పుడు మాత్రమే పొగ తగ్గించేలా సాఫ్ట్‌వేర్ రాశారని 2015లో బయటపడింది. ఆ పనిలో ఉన్న జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకు 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలు, 2 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అతను కంపెనీ యజమాని కాదు, తన్‌ఖా తీసుకునే మనిషే.

వద్దన్నవాళ్లు కూడా ఉన్నారు. 2016లో ట్రంప్ గెలిచాక అమెరికాలో ముస్లింల జాబితా తయారుచేస్తారన్న మాట నడిచింది. అంతకు ముందు 2002లో మొదలైన ఒక పథకం కింద ఎక్కువగా ముస్లిం దేశాల నుంచి వచ్చిన మగవాళ్లు 80 వేల మందికి పైగా వేలిముద్రలిచ్చి నమోదు చేసుకోవాల్సి వచ్చింది కాబట్టి అది ఉత్త భయం కాదు. ఆ డిసెంబరులో 2,800 మందికి పైగా టెక్ ఉద్యోగులు, మతాన్ని బట్టి మనుషుల జాబితాలు కట్టే పని మేం చేయం అని తమ పేర్లతో ప్రతిజ్ఞ రాసి సంతకాలు చేశారు. నాజీల కాలంలో ఐబీఎం కార్డుల యంత్రాలు యూదుల లెక్కలకు ఎలా పనికొచ్చాయో అందులో గుర్తుచేశారు. వాళ్లలో చాలామందికి మనతో ఏ రిష్తా లేదు. చదివినప్పుడు నాకు గొంతు పట్టేసింది. తర్వాత ఒక ప్రశ్న వచ్చి కూర్చుంది. రేపు మనవాళ్ల చేతికి ఇంకో కౌమ్ జాబితా పని వస్తే మనం ఇలా సంతకం చేస్తామా?

అన్నిసార్లూ గెలుపు ఉండదు, అది కూడా చెప్పాలి. 2018లో డ్రోన్ వీడియోలను విశ్లేషించే సైనిక ప్రాజెక్టు వద్దని గూగుల్ ఉద్యోగులు వేలమంది సంతకాలు చేస్తే కంపెనీ ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. అదే కంపెనీలో 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ ప్రభుత్వంతో ఉన్న క్లౌడ్ ఒప్పందం మీద ఆఫీసుల్లో బైఠాయించినవాళ్లలో ముందు 28 మందిని, తర్వాత ఇంకొందరిని తీసేశారు. గాజా వార్తలు చూసి ఏడ్చిన మన పిల్లలు అక్కడ ఎంతోమంది పనిచేస్తున్నారు. హెచ్1బీ మీద ఉన్నవాడికి నౌకరీ పోతే 60 రోజుల్లో ఇంకోటి దొరకాలి, లేకపోతే పిల్లల బడి మధ్యలో ఆపి విమానం ఎక్కాలి. ఆ మజ్బూరీ తెలిసి నేను ఎవరినీ రాజీనామా చేయమనను. ఇక్కడ కూర్చుని అలా అనడం చాలా సులువు.

మా ఆపా కొడుకు విషయానికి వస్తాను. వాడిదే ఇంట్లో మొదటి సాఫ్ట్‌వేర్ నౌకరీ. భాయ్‌జాన్‌ది టైలరింగ్, రెడీమేడ్ బట్టలొచ్చాక పండగ నెలలు తప్ప పని లేదు. చెల్లెలి షాదీ ఖాయమై ఉంది. వాడు చిన్న కంపెనీలో చేరి నాలుగు నెలలు, ఇంకా ప్రొబేషన్. ఒక రాత్రి ఇషా తర్వాత ఫోన్ చేశాడు.

"ఖాలా, ఒకటి అడుగుతాను, అమ్మీకి చెప్పకు."

వాళ్లకొక ఫైనాన్స్ కంపెనీ యాప్ పని వచ్చింది. స్నేహితులను పిలవండి అని ఒక స్క్రీన్. పిలిస్తే 50 రూపాయలు. వీడికి ఇచ్చిన పని ఆ స్క్రీనే. నొక్కగానే ఫోన్‌లోని నెంబర్లన్నీ సర్వర్‌కు వెళ్లాలి, అప్పు నెంబరు పక్కన దాచాలి అని ఉంది. ఎవరిని పిలుస్తున్నారో వాళ్ల ఒక్క నెంబరు చాలు కదా అని వీడికి అనుమానం.

"ఇప్పుడు నా తన్‌ఖా హలాలేనా ఖాలా?" అన్నాడు.

ఫత్వా ఇవ్వడానికి నేనెవరిని? "బేటా, అది తర్వాత చూద్దాం. ముందు ఆ ప్రశ్న నన్ను కాదు, రాతపూర్వకంగా నీ లీడ్‌ను అడుగు" అన్నాను. ఇద్దరం కూర్చుని మూడు వరుసల మెయిల్ రాశాం. ఈ జాబితా మొత్తం ఎందుకు కావాలి, రిజర్వు బ్యాంకు నియమానికి ఇది ఎలా సరిపోతుంది, నెంబర్లన్నీ చదవకుండా మనిషి ఎంచుకున్న ఒక్క నెంబరునే తీసుకునే పద్ధతి ఆండ్రాయిడ్‌లోనే ఉంది కాబట్టి అది వాడవచ్చా. కోపం లేదు, వాజ్ లేదు, ఖురాన్ పేరు కూడా ఎత్తలేదు. నోటిమాటగా అడిగితే నవ్వేసి వదిలేస్తారు. మెయిల్‌లో నియమం పేరు కనబడితే, రేపు ఎవరైనా అడిగితే నాకు తెలియదు అనే వీలు పై వాళ్లకు ఉండదు. 14 ఏళ్లలో నేను నేర్చుకున్న ఇల్మ్ ఏదైనా ఉంటే ఇంతే.

నాలుగు రోజులు జవాబు లేదు. వాడు అన్నం సరిగా తినలేదట. ఐదో రోజు డిజైన్ మారింది, ఒక్క నెంబరు పద్ధతే పెట్టారు. వారం తర్వాత వాడిని ఆ ప్రాజెక్టు నుంచి తీసి ఇంకోదానిలో వేశారు, ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. కారణం చెప్పలేదు.

ఆపాకు ఎలాగూ తెలిసింది. "నీకు నౌకరీ పక్కా కాబట్టి వాడికి ఇవన్నీ నేర్పిస్తున్నావు. షాదీ ఖర్చు నువ్వు పెడతావా?" అంది. ఆపా అన్నదాంట్లో తప్పు లేదు. నాకు ఇల్లుంది, మా ఆయన తన్‌ఖా ఉంది. షాదీ గనక దగ్గరపడేసరికి వాడి చేతిలో నౌకరీ లేకపోతే ఫర్నిచర్ నేను చూసుకుంటానన్నాను. వద్దని ఫోన్ పెట్టేసింది. ఇలాంటి పిల్లల వెనక నిలబడటానికి బైతుల్‌మాల్ పద్ధతిలో ఏదైనా నిధి మొహల్లాల్లో ఉండాలని అప్పటి నుంచి నా మనసులో తిరుగుతోంది. ఇఫ్తార్ దావత్‌లకు చందాలు వసూలవుతాయి కదా. పని వద్దన్నందుకు నౌకరీ పోయినవాడి ఇంటికి మూడు నెలల సరుకు ఇవ్వడం అంతకంటే తక్కువ పుణ్యమేమీ కాదు.

పోయిన ఆదివారం ఆడవాళ్ల ఇజ్తెమాకు వెళ్లినప్పుడు ఆలిమా బాజీని అడిగాను. బ్యాంకు నౌకరీ గురించి మీ దగ్గరికి ఎంతమంది వస్తారు అని. నెలకు నలుగురైదుగురు అన్నారు. యాప్‌లు, డేటా గురించి? ఎవరూ రాలేదన్నారు. ఈ లొకేషన్లు, నెంబర్లు, పేర్లు సరిపోల్చడాలు అన్నీ చెబితే శ్రద్ధగా విన్నారు. మధ్యలో తన ఫోన్ తీసి, ఖిబ్లా యాప్‌కు ఏమేం అనుమతులున్నాయో చూపించమన్నారు. మైక్రోఫోన్ కూడా ఉంది. తీసేశాం.

"నాకు ఈ పని ఎలా జరుగుతుందో తెలియకుండా మస్‌అలా చెప్పలేను. ఒక్కో పని ఏమిటో, అందులో ఎవరికి నష్టమో సాదా తెలుగులో రాసివ్వండి. మదరసాలో పెద్ద ముఫ్తీ సాహెబ్‌కు పంపుతాను" అన్నారు బాజీ.

మొదటి మూడు పేజీలు రాశాను. ఈ రంగంలో ఉన్న మీ పిల్లలను కూడా అడగండి, వాళ్ల పని మాటల్లోనే, ఫలానా స్క్రీన్, ఫలానా టేబుల్ అని. కంపెనీ పేర్లు అక్కర్లేదు. రజబ్ నెలలోపు బాజీకి ఇవ్వాలి.